అర్థం అడగని పరీక్ష

“లారీ పొద్దుగాల వస్తది. పిల్ల బట్టలు మూటగట్టియ్యి.”

“పిల్ల రాదు. దానికి పరీక్షుంది.”

“ఏం పరీక్షనే అమ్మా? ఒక్కపారి తప్పింది గదా. తప్పినోళ్లకు మల్ల పరీక్షేంది?”

“తప్పినోళ్లకే పెడతరు. పాసైనోళ్లకు ఎందుకు పెడతరురా?”

“నీతోని మాట్లాడితే గిట్లనే ఉంటది. మేస్త్రికి జోడి చెప్పొచ్చిన.”

“జోడి అంటే ఆలుమగలు. కన్నబిడ్డను జోడి కింద చెప్పొచ్చినవా?”

“మన్ను తవ్వేటోడొకడు, తట్ట మోసేదొకతి. మేస్త్రికి గంతే లెక్క. ఆలైతేంది, బిడ్డైతేంది.”

ఈ మాట అని నా కొడుకు గడప మీద కూర్చొని బీడీ ముట్టించాడు. దసరా వెళ్లిన మర్నాటి సాయంత్రం అది. తొంభైల మొదట్లో సంగతి. ఆ ఏడు వానలు ముందు మురిపించి తర్వాత మొహం చాటేశాయి. ఆత్మకూర్ చుట్టుపక్కల ఊళ్లలో జొన్న మోకాలెత్తు లేవకుండానే ఎండిపోయింది. కృష్ణ మాకు దగ్గరే కానీ ఆ నీళ్లు మా చేలకు ఎక్కవు. అట్లాంటి ఏడాది మా దిక్కు మనుషులు కాలువలు తవ్వడానికి, కట్టలు కట్టడానికి దూర దేశాలకు పోతారు. మేస్త్రి లారీ పెట్టి తీసుకపోతాడు. ఒంటరి మొగవాణ్ణి ఎక్కించుకోడు. మొగవాడికి తోడు తట్ట ఎత్తే ఆడమనిషి ఉంటేనే లెక్కలోకి వస్తారు. దాన్నే జోడి అంటారు.

నా కొడుకు జోడి ఆ ఏడాది విరిగింది. వానకాలం మొదట్లో కోడలికి పాలమూరు పెద్ద దవాఖానలో గర్భసంచి తీశారు. బరువెత్తితే కుట్లు పిగులుతాయని, ఏడాది దాకా బిందె కూడా ముట్టవద్దని చెప్పి పంపారు. ఆమె లోపల చాప మీద పడుకొని మా మాటలన్నీ వింటూనే ఉంది. ఇక ఇంట్లో తట్ట ఎత్తగల ఆడమనిషి నా మనుమరాలు ఒక్కతే.

ఆ పిల్ల అంతకు ముందు ఎండాకాలం పది పరీక్ష రాసింది. లెక్కలు, తెలుగు, సాంఘికం అన్నీ అయ్యాయి. ఇంగ్లిషు ఒక్కటి పోయింది. మా ఊరి బడిలో ఇంగ్లిషు అంటే సారు చదివితే పిల్లలు వెనక నుంచి గొంతు కలపడమే. కాయిదం మీద ఒంటరిగా కూర్చొని రాయమంటే చేయి కదలదు. దవాఖానలో కోడలి మంచం దగ్గర ఒక నర్సు నాతో అన్నది: “అవ్వా, నీ మనుమరాలు పది పాసైతే మా లెక్క ట్రైనింగుకు పోవచ్చు. ఉండనీకె జాగా, తిననీకె తిండి అక్కడ్నే ఇస్తరు.” ఆమె ఊరికే అన్నదో, నిజంగా అన్నదో కానీ ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. మళ్ళా రాసే పరీక్ష దసరా వెళ్లిన వారానికి ఉందని తెలిసిన రోజే పిల్లకు చెప్పాను: “ఇగ నువ్వు చేనుకు రావొద్దు. ఇంగ్లిషు తప్ప ఏ పని ముట్టొద్దు.”

చెప్పడం సులువే. దానికి చెప్పేవాళ్లు ఎవరు? నేను చదివింది మూడో తరగతి. అదీ సగమే. తెలుగు కూడబలుక్కొని చదువుతాను, ఉత్తరం రాస్తాను, అంతే. మా నాయిన నన్ను బడి నుంచి నేరుగా తీసుకపోయి బండెక్కించాడు, చెరువు పని దగ్గర మా చంటి తమ్ముణ్ణి చూడడానికి. ఆ తర్వాత నేను ఎత్తిన తట్టల సంగతి చెప్పను. నా కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది, చూసిన వాళ్లకు తెలుస్తుంది.

హైస్కూలు ఇంగ్లిషు సారు మా వాడకట్టులోనే కిరాయికి ఉండేవాడు. పొద్దున్నే ఆయన ముఖం కడుక్కునే వేళకు పోయి నిలబడ్డాను.

“సారూ, మా పిల్లకు ఇంగ్లిషు ఎట్ల వస్తది?”

“రాదు అవ్వా.”

“గట్లంటే ఎట్ల?”

“గిన్ని ఏండ్ల సంది రానిది గిప్పుడు వస్తదా? ఇంగ్లిషు వచ్చుడు వేరే, ఇంగ్లిషుల పాసయ్యుడు వేరే. నీకు రెండోది కావాల్నా?”

“గదే కావాలె.”

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకొని, లోపలికి పోయి పాత ప్రశ్నపత్రాలు ఒక కట్ట తెచ్చిచ్చాడు. పైన ఒక పేరా ఉంటుంది, కింద ప్రశ్నలు ఉంటాయి. “ప్రశ్నల ఉన్న పెద్ద మాటను చూడమను. గా మాటనే పేరాల యాడుందో వెతకమను. దొరికినంక, ముందటి చుక్క కాడికెల్లి ఎనకటి చుక్క దాక ఉన్నదంతా దించుమను. ఏం ఆలోచన చెయ్యొద్దు. ఆలోచన చేస్తే తప్పుతది.” ఇంకొకటి చెప్పాడు. సెలవు కావాలని బడి పెద్దసారుకు రాసే ఉత్తరం ఒకటి బట్టీ పట్టమన్నాడు. ఏ ఉత్తరం అడిగినా పైన పేరు, కింద పేరు మార్చి మధ్యలో జ్వరం ఉంచమన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంగ్లిషు చదువు మొదలైంది. పగలే చదవాలని కట్టడి పెట్టాను. గ్యాస్‌నూనె కూపను మీద వచ్చినంతే వస్తుంది. అది దీపంలో పోసి చదువుకు కాల్చే ఇల్లు కాదు మాది. కాయిదాలు కూడా కరాబు చేయనివ్వలేదు. ముందు పలక మీద రాసి, నేను చూసి సరే అంటే అప్పుడు ప్రశ్నపత్రం వెనక తెల్లటి దిక్కు రాయాలి. అదీ సన్నగా.

నాకు ఇంగ్లిషు అక్షరం ఒక్కటి రాదు. అయినా కూర్చున్నాను. ప్రశ్నలోని మాట మీద ఒక కందిగింజ పెట్టేదాన్ని. అదే ఆకారం ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వేలితో వరుస వెంట పోతూ వెతికేదాన్ని. దొరికితే దాని మీద ఇంకో గింజ. బియ్యంలో రాళ్లు ఏరే చేతికి అది కష్టం కాలేదు. పిల్లకే కష్టమయ్యేది. ఆమె ప్రతి మాటనూ నోట్లో చదువుకుంటూ పోయి, మధ్యలో ఒక తెలియని మాట అడ్డం వస్తే ఆగిపోయేది. నాకు ఏ మాటా తెలియదు కాబట్టి ఎక్కడా ఆగేదాన్ని కాదు. మొదట్లో తోక ఉన్న చుక్క దగ్గర కూడా ఆపించాను. సారు చూసి, “తోకున్న చుక్క కాడ ఆగొద్దవ్వా, ఉత్త చుక్క కాడనే ఆగాలె,” అన్నాడు. అప్పటి నుంచి అదీ పట్టుకున్నాం.

ఒకసారి పిల్ల పలక మీద నుంచి తలెత్తి అడిగింది: “అవ్వా, గీ పేరాల ఒకామె ఏదో పోగొట్టుకున్నట్టుంది. ఏం పోయిందో సారునడుగుదమా?”

“పాసైనంక అడుగు.”

“ఇప్పుడు తెలిస్తే ఏమైతది?”

“వేరే పేరా ఆగిపోతది. ఏం పోతే నీకేంది, నీది పోయిందా? రాయి.”

ఆమె నవ్వి రాసింది. రాను రాను ఆమె చేయి నడిచింది. దసరా నాటికి ఏ పేరా ఇచ్చినా నా గింజ పడకముందే ఆమె వేలు పడేది. సారు దిద్ది, ఎర్రటి టిక్కులు పెట్టి, “గిట్ల రాస్తే గట్టెక్కుతది,” అన్నాడు. జ్వరం ఉత్తరం నాకూ నోటికి వచ్చింది, అర్థం తెలియకుండానే. చేటలో కందులు చెరుగుతూ అనుకునేదాన్ని.

ఇక ఆ సాయంత్రం సంగతికి వస్తాను. నా కొడుకు బీడీ సగం తాగి పక్కకు పడేశాడు. వాడు చెడ్డవాడు కాదు. పెళ్లాం లోపల పడుకొని ఉంది, చేను ఎండింది, ఊళ్లో ఎవరూ పనికి పిలవడం లేదు. వాడి గొంతులో కోపం కంటే వేగిరపాటే ఎక్కువ.

“సరే,” అన్నాడు. “ఇన్ని దినాల సంది చదువుతుందంటివి గదా. నా ముంగట చదవమను. మంచిగ వచ్చిందని నాకనిపిస్తే మేస్త్రికి నేనే జవాబు చెప్పుకుంట. ఈడ్నే ఏదన్నా చూసుకుంట.”

నాకు ధైర్యం వచ్చింది. పిల్లను పిలిచాను. ఇంకా వెలుగు ఉంది. గడప దగ్గర తండ్రి ముందు కూర్చోబెట్టి, అంతకు ముందు ముట్టని ప్రశ్నపత్రం ఒకటి చేతికిచ్చాను. ఆమె పేరా మొత్తం పైకి చదివింది. ఒక్కచోటే తడబడింది. తర్వాత కింద ప్రశ్నలు చూసి, వేలితో పేరాలో వెతికి, జవాబులు గబగబా రాసింది. నేను గింజలు పెట్టి సరిచూశాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు. కోడలు లోపల నుంచి మోచేతి మీద లేచి చూస్తోంది.

“చూసినవారా?” అన్నాను.

“చూసిన. మంచిగ రాసింది.” వాడు కాయిదం తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. వాడికి సంతకం తప్ప ఏమీ రాదు. తిరిగి ఇస్తూ పిల్లను అడిగాడు: “బిడ్డా, ఇందుల ఏముంది?”

పిల్ల నా వైపు చూసింది.

“ఆమె దిక్కు చూడకు. నాకు చెప్పు. ఏం కథ ఇది?”

“ఒకాయన ఉన్నడు నాయినా.”

“ఉంటే?”

“ఏదో ఊరికి పోయిండు.”

“ఎందుకు పోయిండు?”

ఆమె కాయిదం వైపు చూసింది. పెదవులు కదిలాయి. వేలు ఒక వాక్యం మీద పడింది, అక్కడే ఆగింది. “ఏమో. తెల్వదు నాయినా,” అంది.

“మరి ఇదంత రాస్తివి?”

“దించిన.”

వాడు నవ్వలేదు. నవ్వితే నేను తిట్టడానికి వీలుండేది. మెల్లగా అన్నాడు: “ఏముందో తెల్వకుండ రాసేది చదువెట్లయితదే అమ్మా? దీనికోసమా నేను జోడి ఇడిచిపెట్టుకోవాల్సింది?”

“పరీక్షల అర్థం అడగరురా. మార్కులేస్తరు. సారు చెప్పిండు.”

“అర్థం అడగని పరీక్ష పాసై ఏం చేస్తది? రేపు దవాఖానల మందు సీసా మీద రాసింది దించుతదా?”

“ముందు పాసు కానియ్యి. అర్థం ఆడ నేర్పుతరు.”

“నేర్పకుంటే?”

“ఒరేయ్, నువ్వు తవ్వే కాలువ యాడికి పోతదో నీకు తెలుసా? ఎవరి చేన్ల నీళ్లు పారుతయో తెలుసా? తెల్వకుండనే తవ్వుతున్నవ్ గదా. నీకు కూలి ఇస్తలేరా?”

వాడు పడేసిన బీడీ ముక్క ఏరి చెవి వెనక పెట్టుకున్నాడు. ఇక గెలిచాననుకున్నాను. తర్వాత వాడు లేచి తువ్వాల దులుపుకున్నాడు.

“ఇస్తుండ్రు,” అన్నాడు. “గందుకే పోతున్న. దానిది పరీక్ష, నాది కూలి. కూలి నమ్మకం.”

  సారును పిలుచుకొస్తానన్నాను. “ఆయన వచ్చి తట్ట ఎత్తుతడా?” అన్నాడు. నర్సు చెప్పిన మాట చెప్పాను. “ఆమె పేరేందే?” అన్నాడు. నాకు తెలియదు. పిల్ల అప్పటికే పలక తుడిచి గోడకు ఆనించింది.  “నువ్వన్న చెప్పరాదే,” అని నేనంటే, “ఏం చెప్పాలె అవ్వా, నాయిన అడిగింది నాకు రాలె గదా,” అంది.

ఆ చదివించిన పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అనను. వారం రోజులు ఆగితే ఆ పిల్ల గట్టెక్కేది. పరీక్ష పెట్టేవాళ్లు అడగని ప్రశ్న తండ్రి అడిగాడు. అది ఎవరికి చెప్పుకోవాలి?

పొద్దున లారీ వచ్చింది. మా ఊరివాళ్లు అప్పటికే కొందరు ఎక్కి ఉన్నారు. నేను ముందుకు పోయి మేస్త్రితో అన్నాను: “పిల్లకు బదులు నేనొస్త. మన్ను పని నాకు కొత్త కాదు.”

మేస్త్రి ముందు సీటులో నుంచి దిగకుండానే నన్ను చూశాడు. “నువ్వా అవ్వా? నువ్వు తట్ట ఎత్తితే నిన్ను ఎత్తనీకె ఇంకో జోడి కావాలె. పక్కకు జరుగు,” అన్నాడు. లారీలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నా కొడుకు నా భుజం పట్టుకొని పక్కకు జరిపాడు, గట్టిగా కాదు. పిల్ల చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి, ఆడవాళ్ల మధ్య జాగా చూసుకొని కూర్చుంది. వాడు వెనక నుంచి ఎక్కాడు. లారీ పోయింది.

“పోయిండ్రా అత్తా?” అని కోడలు లోపల నుంచి అడిగింది.

“పోయిండ్రు,” అన్నాను.

పొయ్యి రాజేసి ఆమెకు జావ కాచాను.