పుంటికూర దాకా

నా పేరు బాలమణి. వయసు డెబ్బై దాటింది. నాచారంలో కొడుకు, కోడలితో రేకుల ఇంట్లో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మా తోటికోడలు పోయిన నెల చనిపోయింది. ఊపిరితిత్తిలో గడ్డ. కానీ మా బస్తీలో మాట వేరుగా ఉంది. వీపులో సూది గుచ్చి నీళ్లు తీయించారు, అందుకే పోయింది, దగ్గరుండి వేలిముద్ర వేసింది బాలమణే అంటున్నారు. వేసింది నేనే. ఎందుకు వేశానో వినండి.

పెనిమిట్లు పోయాక ఇద్దరం ఒక్క పొయ్యి మీదే వండుకున్నాం. ఆమె తోపుడు బండి మీద ఆకుకూరలు అమ్మేది. "పాలకూర, తోటకూర, చుక్కకూర, మెంతికూర, పుంటికూరా" అని ఒక్క ఊపిరిలో లాగేది. ఆ చివరి మాట మూడో గల్లీ దాకా పోయేది. కొత్త అపార్ట్‌మెంట్ సారు ఒకాయన, పుంటికూరంటే ఏమిటని పై నుంచి అడిగాడు. "మీ గోంగూరే సారూ. మా గల్లీకొచ్చి పేరు మార్చుకున్నది" అంది. వాడిన కట్ట అమ్మేది కాదు. అది మా కూరకే వచ్చేది. "వాడింది మనం తిందాం అక్కా, మనమూ గట్లనే ఉన్నం గద" అనేది.

చలికాలంలో ఆ కేక కురచ కాసాగింది. ముందు పుంటికూర పోయింది. తెస్తలేవా అని ఆడవాళ్లు అడిగేవారు. బండి మీద ఉంది, ఊపిరికే అందడం లేదు. తర్వాత మెంతికూర పోయింది. చివరికి "పాల..." అని ఆగి, బండి పట్టుకుని నిలబడేది. పడుకుంటే ఊపిరాడదు. దిండ్లు ఒళ్లో పెట్టుకుని, ముందుకు వాలి, కూర్చునే కునికేది.

కీసర నుంచి ఆమె తమ్ముడు మల్లేశం వచ్చాడు. ఛాతీలో నీరు చేరిందని బస్తీ డాక్టరు చెప్పగానే మంచినీళ్ల బిందె తీసి అటకెక్కించాడు. "తాగిన నీళ్లే ఎక్కినయక్కా, చెంబు ముట్టనియ్యకు" అన్నాడు. ఆమె పెదాలు ఎండి పగిలాయి. నేను బిందె దింపాను. ఆమెను ఉప్పల్‌లోని దవాఖానాకు తీసుకుపోయాను.

తాగే నీళ్లకూ దీనికీ సంబంధం లేదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. గడ్డ మూలంగా ఊపిరితిత్తికీ పక్కటెముకలకూ నడుమ నీరు ఊరుతోందట. ఊపిరితిత్తి విచ్చుకోవడానికి జాగా లేదట. నాకు వెంటనే అర్థమైంది. గోనెసంచిలో కుక్కిన కట్ట ఎట్లా విచ్చుకుంటుంది? నీరు తీస్తే ఊపిరాడుతుంది గానీ గడ్డ పోదు, నీరు మళ్లీ ఊరవచ్చు అని కూడా దాచకుండా చెప్పింది.

మల్లేశం అడ్డం పడ్డాడు. "నీళ్లు దీస్తే మనిషి దక్కదక్కా."

"తియ్యకుంటే దక్కుతదా? నీ అక్క నడుం వాల్చి ఎన్ని దినాలాయెనో ఎరుకేనా నీకు?" అన్నాను.

"మీ పంచాది... ఎన్కకు పెట్టుకోన్రి" అంది మా తోటికోడలు ఒగరుస్తూ. ఒప్పుకోలు కాగితం మీద తన వేలు తానే వేసింది. పక్కన నేను వేశాను.

బల్ల మీదికి వాల్చి కూర్చోబెట్టి సూది గుచ్చారు. పలచటి టీ లాంటి నీరు సీసాలోకి నెమ్మదిగా దిగింది. ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. మల్లేశం గోడ పట్టుకున్నాడు. ముడుచుకున్న ఊపిరితిత్తి విచ్చుకుంటుంటే దగ్గు వస్తుందని డాక్టరమ్మ అంది.

"దగ్గనియ్యి తమ్మీ, నీ సొమ్మేం బోయింది" అంది మా తోటికోడలు, మాట తెగకుండా. ఆ పగలే వెల్లకిలా పడుకుని గురక పెట్టింది.

ఎండాకాలమంతా మళ్లీ బండి తోసింది. నీరు ఊరితే మళ్లీ తీయించుకుంది. గడ్డ ముదిరి ఆమె ప్రాణం పోయింది గానీ సూది గుచ్చినందుకు కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఎదురింటి మేస్త్రీ కూడా ఛాతీలో నీరు చేరి, దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు. డాక్టరు సూది అంటే ఆయన భార్య యాదమ్మ వద్దంది. "నీ తోటికోడలు పోలేదా అక్కా?" అని నన్నే అడిగింది. పోయింది. కానీ ఎట్లా బతికి పోయిందో చెప్పకుండా ఉత్తగా పోయిందంటే నేను ఊరుకోను. ఇప్పుడడిగినా ఆ వేలే మళ్లీ వేస్తాను.

యాదమ్మా, ఆమె మళ్లీ బండి తీసిన పొద్దు నీకు యాదుండాలి. గల్లీ మలుపులో నిలబడి పాలకూర అంది, తోటకూర అంది. నేను గడపలో ఊపిరి బిగబట్టాను. చుక్కకూర, మెంతికూర. నువ్వు గిన్నె పట్టుకుని బయటికొచ్చి ఆగిపోయావు. ఆమె తలెత్తి, పుంటికూరా అని మూడో గల్లీ దాకా లాగింది.

బాలమణి, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

చూసినవారు: మల్లేశం, కీసర. యాదమ్మ, మేస్త్రీ భార్య. ఉప్పల్ దవాఖానాకు పోయే ఆటో వాకిట్లో ఆపి, మేస్త్రీని అందులో కూర్చోబెట్టి వచ్చి సంతకం చేసింది.