వామాకు పచ్చడి పరీక్ష

మొన్న మా అమ్మాయి నా ఫోనుకి ఒక వీడియో పంపించింది. పెరటి ఆకులతో పది రకాల వంటలట. అందులో వంట చేసే ఆవిడ పుదీనా రెమ్మ తుంచి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా వాసన పీల్చి ఆహా అంది. చూసేవాళ్ళకి నోరూరాలి కదా, నాకు అరచేతులకి చెమట పట్టింది. యాభై దాటిన మనిషి పుదీనాని చూసి జడుసుకోవడమేమిటని మీరు నవ్వితే నవ్వండి, అప్పట్లో నేనూ నవ్వినవాణ్ణే.

తొంభైల మొదట్లో భిలాయి ఉక్కు ప్లాంటులో ట్రైనీగా చేరినప్పుడు సెక్టర్ 4లో మా పెద్దనాన్న క్వార్టర్లో ఉండేవాణ్ణి. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక మంచం పడితే మనిషి పట్టనంత పెరడు. ఆ జానెడు చోట్లోనే పెద్దమ్మ, కుళాయి నీళ్ళు పారే వారన పుదీనా, సగానికి కోసిన డ్రమ్ములో కొత్తిమీర, చిల్లుపడ్డ బకెట్లో వామాకు, గోడ పక్కన నిమ్మగడ్డి పెంచేది. శ్రీకాకుళం వెళ్ళి వచ్చినప్పుడల్లా వేర్లని తడిగుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది. ఒకసారి నేను రాయపూర్ దాకా తలుపు దగ్గర నిలబడి ప్రయాణం చేశాను గాని, వామాకు మాత్రం కూర్చునే వచ్చింది.

ఆ ఆకులతో ఆవిడ చేసినన్ని ప్రయోగాలు మా ట్రైనింగు సెంటర్లో కూడా చేసి ఉండరు. పచ్చిమామిడికాయతో పుదీనా నూరేది, నిమ్మగడ్డి ముడివేసి చారులో మరిగించేది, కొత్తిమీర కాడలు పారేయకుండా పప్పులో ఉడికించేది, పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ దీదీ దగ్గర బియ్యప్పిండి చీలా నేర్చుకుని అందులో దోసెడు కొత్తిమీర కలిపి అట్టు పోసేది, వామాకుని నూనెలో మగ్గించి పెరుగులో నూరితే అది ఏ ఆకో కంటికి తెలిసేది కాదు. ఆ కంటికి తెలియకపోవడం కోసమే ఆవిడ అంత శ్రమ పడుతోందని నాకు మొదట్లో అర్థం కాలేదు.

పెద్దనాన్న కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. బొగ్గుని కాల్చే చోటు, గ్యాసు మధ్య పని. అక్కడ ఏదైనా తేడా వస్తే అన్నిటికంటే ముందు చెప్పేది మనిషి ముక్కే. అంతకు ముందు వానాకాలం ఆయనకి పట్టిన రొంప తగ్గింది గాని, దాంతోపాటు పోయిన వాసన తిరిగి రాలేదేమోనని పెద్దమ్మకి అనుమానం. అడిగితే ఆయన నాకేటి, గుర్రంలా ఉన్నాను అనేవాడు. అందుకని రెండో షిఫ్టుకి వెళ్ళే ముందు, మధ్యాహ్నం కంచంలో మొదటి ముద్ద ఆవిడే కలిపి పెట్టి, ఎదురుగా కూర్చునేది.

“ఏటి వాసనొస్తందో సెప్పండి.”

“డూటీకెల్లే మనిసికి రోజూ ఈ పరీచ్చలేటే?”

“సెప్పి ఎల్లండి. సెప్పకపోతే సైకిలు తాళం ఇవ్వను.”

రుచికి పులుపు, కారం తెలిసేవి గాని ఆకు ఏదో ఆయనకి తెలిసేది కాదు. రెండో రోజునే ఆయన కళ్ళు దిక్కులేనట్టు నా వైపు తిరిగాయి. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు, లోకంలో జరిగేదంతా నా వేళాకోళం కోసమే జరుగుతోందని గట్టి నమ్మకం. నేను పెరట్లో పుదీనా వైపు కళ్ళు తిప్పి, పెద్దమ్మకి అనుమానం రాకుండా చెవి గోక్కున్నాను. ఆయన తడుముకోకుండా పుదీనా అన్నాడు. ఆ రోజునుంచి మా ఇద్దరికీ ఒక భాష ఏర్పడింది: చెవి గోక్కుంటే పుదీనా, మీసం దువ్వితే కొత్తిమీర, వాచీ చూసుకుంటే వామాకు. అప్పటికి నాకు దువ్వేంత మీసం లేదు, అయినా కొత్తిమీర రోజున శ్రద్ధగా దువ్వేవాణ్ణి. పెద్దమ్మ నిమ్మళంగా ఊపిరి వదిలి తాళం ఇచ్చేది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడేది.

నాలుగు నెలలు అలా గడిచాయి. సాయంత్రాలు ప్లాంటు వైపు ఆకాశం ఉన్నట్టుండి నారింజ రంగుకి తిరిగేది, వేళకాని వేళ సైరన్ మోగితే పెద్దమ్మ ఆకు తుంపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయేది. ఏమీ కాదు పెద్దమ్మా, ఎవడో నిద్రపోయి మీట మీద వాలి ఉంటాడు అని నేను ఛలోక్తి విసిరేవాణ్ణి. ఆవిడ నవ్వేది కాదు. ఆవిడకి నవ్వడం రాదని నేను జాలిపడేవాణ్ణి కూడా.

ఒక ఆదివారం ఆయనకి వీక్లీ ఆఫ్. పెద్దమ్మ పేరంటానికని దగ్గర్లోని మరోదాకి వెళ్ళింది. నేను బజారుకి వెళ్ళి వచ్చి గేటు తీస్తుండగానే ముక్కుకి గ్యాసు వాసన కొట్టింది. లోపలికి పరిగెత్తాను. వంటింట్లో పెద్దనాన్న పీట మీద కూర్చుని, టీలోకి నిమ్మగడ్డి ముక్కలు చేసుకుని, చేతిలోకి అగ్గిపెట్టె తీసుకున్నాడు. పొయ్యి మీట ఎప్పుడు తిరిగి ఉందో, ఎంతసేపయిందో తెలియదు. అగ్గిపుల్ల అప్పటికే బయటికి వచ్చింది.

ఆయన మణికట్టు పట్టుకుని విరిచినంత పని చేశాను. పుల్లలన్నీ నిమ్మగడ్డిలో పడ్డాయి. సిలిండర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, ఆయన్ని పెరట్లోకి లాక్కొచ్చాను.

“ఏట్రా, టీ కూడా తాగనివ్వవా?” అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. చాలా నెమ్మదిగా అడిగాడు. “బాగా వొచ్చిందేట్రా వాసన?”

“గేటు దాకా వొచ్చింది పెద్దనాన్నా.”

ఆయన డ్రమ్ము అంచు మీద కూర్చున్నాడు. “మీ పెద్దమ్మకి సెప్పకు” అన్నాడు. నేను తల ఊపలేదు. ఆయన పనిచేసే చోట ఆయన పక్కన పరిగెత్తుకొచ్చే నేను ఉండనని, ఇన్ని నెలలూ ఆయన్ని చెవి గోకి మరీ అక్కడికి పంపిస్తున్నానని అప్పుడు తోచింది.

మర్నాడు మధ్యాహ్నం మామూలుగానే పరీక్ష మొదలైంది. పెరుగుపచ్చడి. పెద్దనాన్న ముద్ద నమిలి నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ నేలకి ఆనించి, కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. చెప్పకూడదు గాని, సరిగ్గా అప్పుడే నా చెవి నిజంగానే దురద పెట్టింది. గోక్కోలేదు.

“కొత్తిమీరే” అన్నాడాయన, ఎంతో ఆశగా.

అది వామాకు. పెద్దమ్మ ఆయన వైపు చూడనైనా లేదు, నెమ్మదిగా నా వైపు తిరిగింది.

“ఎన్నాళ్ళనించి?”

చెప్పాను. చెవి, మీసం, వాచీ, నిన్నటి అగ్గిపుల్ల, అన్నీ. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ లేచి, సైకిలు తాళం తెచ్చి నా ముందు పెట్టి, “నువ్వే తీసుకెల్లు. ఆపీసర్ గారికి నిజిం సెప్పించి తీసుకురా” అంది. వెళ్ళేటప్పుడు సైకిలు నేను తొక్కాను. పెద్దనాన్న వెనక కూర్చున్నాడు. ఆఫీసులో ఆయన నోటితో ఆయనే చెప్పుకున్నాడు.

ఆయన్ని స్టోర్సుకి మార్చారు. హెల్మెట్లూ చేతి తొడుగులూ ఇచ్చే కిటికీ వెనక కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్ళ జట్టు విడిపోయింది. పాతవాళ్ళు ఆ కిటికీ దగ్గరికి వచ్చి పలకరిస్తే ఆయన సైజులు మాత్రమే అడిగేవాడట. ఇంట్లో నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆయన రిటైరై, మనవల్ని ఎత్తుకుని, పెద్ద వయసులో మంచం మీదే పోయాడు గనక నేనివాళ ఇది రాయగలుగుతున్నాను, లేకపోతే నా హాస్యప్రియత్వానికి ఏం పేరు పెట్టుకునేవాణ్ణో.

పెద్దమ్మ ఆ తరువాత ఎప్పుడూ ఏటి వాసనొస్తందని అడగలేదు. దానికి బదులు, ముద్ద కలిపేముందు చెప్పేది. ఇది పుదీనా అండీ, పొద్దున్న వానకి తడిసింది, ఘాటుగా ఉంది. ఇది వామాకు, మీయమ్మ మీకు దగ్గొస్తే నలిపి పెట్టేదే, అది. ఆయన తలొంచుకుని వినేవాడు, విన్నాకే తినేవాడు. మేమందరం తింటున్నది అన్నం, ఆయన తింటున్నది ఆ మాటలు అనిపించేది నాకు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ముక్కుకీ ఏ లోపమూ లేదు. ఆకులు శుభ్రంగా, దుమ్ము లేకుండా, పెట్టెల్లో వస్తాయి. భోజనాల వేళ ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలోకి వాళ్ళం వెళతాం, అందులో ఏ ఆకు పడిందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.