మెషీన్‌కి సాంబ్రాణి

ఆ రోజుల్లో నాకు దుమ్మంటే చీపురుతో పోయేదే. అది సముద్రాలు దాటి కూడా వస్తుందని సెయింట్ క్రాయ్‌లో అక్కావాళ్లింటికి వెళ్లాకే తెలిసింది. చిన్న దీవి, అయినా అమెరికాదే. చుట్టూ నీళ్లు, చలికాలం లేదు, ఇంత శుభ్రమైన చోట దుమ్మేమిటనుకున్నాను. డాక్టరైన మా బావగారు, "ఆఫ్రికాలో ఎడారి ఉంది చూడమ్మా, అక్కడ గాలి లేస్తే ఆ దుమ్ము వారంలో మన వరండాలో ఉంటుంది" అన్నారు. (మా ఊరికి ఉత్తరమే అంత త్వరగా వచ్చేది కాదు.)

అక్క కూతురు చిట్టికి ఆయాసం. అందుకని బావగారు కొత్తగా వరండా గోడకి దుమ్ము కొలిచే మెషీన్ బిగించారు. గాలి బాగుంటే పచ్చ లైటు, దుమ్ముంటే ఎరుపు, మరీ ఎక్కువైతే ఊదా. ఎరుపు వస్తే చిట్టి ఇల్లు కదలకూడదు. ఆ ఏడే మొదటిసారి స్కూల్ పరుగుపందెంలో దానికి చోటు దొరికింది. ముందు రోజు సాయంత్రం నా పక్కన చేరి, "పిన్నీ, రెడ్ రాకూడదు అని నీ గాడ్‌కి చెప్పు, ప్లీజ్" అంది.

కొత్త కారుకి పూజ చేస్తాం కదా, పాపం ఈ మెషీన్‌కి ఎవరూ చెయ్యలేదే అని తట్టింది నాకు. తెల్లారి అందరూ లేవకముందే దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టాను. కింద ముక్కులాంటి కన్నం ఒకటి కనిపిస్తే, సాంబ్రాణి పొగ సరిగ్గా అందులోకే వెళ్లేలా విసనకర్రతో విసిరి, దణ్ణం పెట్టుకుని లోపలికొచ్చేశాను.

మెషీన్ రంగు బావగారి ఫోన్‌లో కూడా కనిపిస్తుంది. మంచం మీదే అది చూసి లేచి కూర్చున్నారు. "రెడ్ వచ్చింది. ఆకాశం నీలంగానే ఉందంటే, ఇది కంటికి కనపడని రకం. అదే డేంజర్." పది మంది పేషెంట్లకి ఫోన్ చేసి కిటికీలు మూసుకోమన్నారు. నాకూ భయమేసింది. తలకి తడి తువ్వాలు చుట్టుకుని, ఆ ఆఫ్రికా దుమ్ముని తరిమేద్దామని వరండాలోకెళ్లి ఈసారి రెట్టింపు సాంబ్రాణి వేశాను. నా కళ్లముందే లైటు ఊదా అయింది.

అప్పుడు అర్థమైంది, ఆ ఆఫ్రికా నేనేనని. చెబితే నా పరువూ, ఫోన్లు చేసిన బావగారి పరువూ కలిసి పోతాయి. చెప్పకూడదనుకుని లోపలికొచ్చాను. చిట్టి బూట్ల లేసులు ఒక్కొక్కటే విప్పుకుంటోంది. ఏడవడం లేదు. అదే చూడలేకపోయాను.

"బావగారూ, ఆ దుమ్ము ఆఫ్రికాది కాదండీ. నాది."

ఆయన వచ్చి మెషీన్ బొట్టునీ నిమ్మకాయనీ చాలాసేపు చూశారు. "దండ మర్చిపోయావా అమ్మా?" అన్నారు.

"వెటకారం తర్వాత, ముందు విసరండి" అంది అక్క. అక్క పళ్లెంతో, ఆయన పేపరుతో, నేను విసనకర్రతో పచ్చ లైటు వచ్చేదాకా విసిరాం. బావగారు ఆ పది మందికీ మళ్లీ ఫోన్ చేసి అసలు సంగతి చెప్పారు. చిట్టి పరిగెత్తింది. చివరి నుంచి రెండోదిగా వచ్చింది, వారమంతా అదే చెప్పుకుంది.

ఆ తర్వాత నిజం దుమ్మే వచ్చి ఆకాశం పాలెక్కువైన టీలా అయింది. బావగారు ఫోన్ చేస్తే పేషెంట్లు, "డాక్టర్, మీ మరదలు లేచిందా?" అని అడిగారట.

ఇప్పుడు అమెరికాలోనే ఫ్రిస్కో ఊళ్లో మా ఇంట్లో సాంబ్రాణి వేసినప్పుడల్లా ముందు కిటికీలు తీస్తాను. అప్పటి నేను, ఆ విసనకర్ర పిల్ల, గుర్తొచ్చి నవ్వొస్తుంది. దానికి తెలిసింది తక్కువే, విసరడం మాత్రం మనసుపెట్టి విసిరింది.