లైబ్రరీ సారు తొక్కమన్న పుస్తకాలు

మా లైబ్రరీ సారు మంగళవారం పొద్దున పోయారు. వేలూరు పక్కన సత్తువాచారి ఊరి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేను వింటూనే గడపలో కూలబడ్డాను. మగ్గం గుంటలోంచి మా అత్త, "ఎట్ల పోయినాడంట?" అని అడిగింది. టీవీలో సినిమా చూసి, పెరుగన్నం తిని పడుకున్న మనిషి ఇక లేవలేదట. అదే చెప్పాను. అత్త ఆడుతున్న మగ్గం ఆపేసింది. "నొప్పీ గిప్పీ ఏం లేకుండానా?" అని మళ్ళీ అడిగింది. ఏమీ లేకుండానే అన్నాను. రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టి, "అబ్బ, బతికించినావు సామీ" అంది.

ఇది చదివి మా అత్తది రాతిగుండె అనుకోకండి. ఆ మాట వెనక తొమ్మిదేళ్ల భయం ఉంది.

సారుది పొన్నై అనే ఊరు. తమిళనాడు గుడియాత్తంలో మా నేతపని వీధి చివరున్న లైబ్రరీని ఇరవై ఏళ్ళు నడిపారు. అన్నీ అరవ పుస్తకాలే, మూల ఒక్క అలమరాలో తెలుగువి. మా వీధిలో అందరం తెలుగే మాట్లాడతాం కానీ చదవడం వచ్చినవాళ్ళు లేరు. నేను కోడలిగా వచ్చాక నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఊళ్ళు మునిగే, భూమి బద్దలయ్యే సినిమాలంటే ప్రాణం. అరవంలో డబ్బింగ్ చేసినవి టీవీలో వస్తే వదిలేవారు కాదు. చూసిన మర్నాడు మాకు పంచాయితీ.

"నిన్న మళ్ళా ఒక లైబ్రేరియన్ని చంపినారమ్మా! కింద భూమి చీలతా ఉండాది, ఆయమ్మేమో వేలు నోటికి అడ్డం పెట్టుకొని 'ఉష్, సద్దు చెయ్యొద్దు' అంటా ఉండాది. ఇంగొకాయన పుస్తకం కాగిలించుకొని నీళ్ళలో మునిగిపాయ. వాళ్ళ అలమరాలు ఎప్పుడు చూసినా ఒకదాని మీద ఒకటి పడతానే ఉంటాయి. మేకులు కొట్టుకునేదానికి ఏమి వాళ్ళకి? కండ్లద్దాలు పగలందే ఏ లైబ్రేరియనూ చావడు!"

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు ఇంకోటి. "అంతమంది జనం లైబ్రరీలో దాంకుంటారు గదా, ఒక్క సినిమాలో అయినా కక్కసు చూపించినారా? పావం, యాడికి పోతారు వాళ్ళు?" మేము కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

నా బిడ్డకు మూడో నెలలో ఏరు పొంగింది. మగ్గం గుంటల్లోకి నీళ్ళు దిగాయి. వీధి వీధంతా లైబ్రరీకి పరిగెత్తాం, అదొక్కటే కాస్త ఎత్తు మీదున్న కట్టడం. సారు తలుపులు బార్లా తెరిచారు. చూస్తుండగానే అక్కడికీ నీళ్ళొచ్చి మోకాళ్ళు దాటాయి. మేడ లేదు. ఆయన పాత పేపర్లు కుట్టించిన లావు లావు పుస్తకాలన్నీ లాగి, గోడ వారన అరుగులాగా పేర్చి, "ఎక్కండి" అన్నారు.

ఒక్కరూ ఎక్కలేదు. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకునే మనుషులం. మా అత్త నా బిడ్డను చంకలో పెట్టుకుని నీళ్ళలోనే నిలబడింది. "సరస్వతమ్మను తొక్కమంటావా నాయనా? నేను తొక్కను. మునిగితే మునుగుతా."

"మునిగేది నువ్వొక్కదానివే కాదు పెద్దమ్మా, చంకలో బిడ్డ ఉండాది" అన్నారు సారు. చెప్పులు విడిచి, ఆ పుస్తకాలకు దండం పెట్టి, ముందు తాను ఎక్కారు. వంగి చెయ్యి చాపారు. "పుస్తకం ఉండేది మనిషిని మోసేదానికే. తొక్కమన్నది నేను. ఆ పాపమేదో నా నెత్తిన వేసి సీక్రం ఎక్కు."

అత్త ఏడుస్తూ ఎక్కింది. ఆమె వెనక అందరం ఎక్కాం. రెండు రోజులు అక్కడే ఉన్నాం. తెలుగు అలమరా చాటున చీర అడ్డం కట్టి, బకెట్ పెట్టి, ఆడవాళ్ళకు కక్కసు కూడా ఏర్పాటు చేశారు సారు. "సినిమావాళ్ళు వచ్చి చూసి నేర్చుకోవాల" అన్నారు. ఆ తడిలో, ఆ చలిలో కూడా నవ్వొచ్చింది.

నీళ్ళు తీశాక తడిసిన పుస్తకాలను మేము పడుగు ఆరవేసే కర్రల మీద ఎండబెట్టాం. చాలావాటిని పనికిరావని పారేయాల్సి వచ్చింది. పై అధికారులకు ఆయనే జవాబు చెప్పుకున్నారు. మాకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. బిడ్డకు ఆరు నిండి ఏడు నడుస్తున్నా పుస్తకం చూసి ఒక్క అక్షరం పలకలేకపోయింది. మొద్దు అన్నారు బళ్ళో. మా అత్త కుమిలిపోయింది. "ఆపొద్దు తొక్కినాను గదా, నా మనమరాలికి తగిలింది. నాకే ఇంత పడితే, ఆ పాపమంతా నెత్తిన వేసుకున్నోడికి ఎంత పడతాదో! మంచి చావు కూడా రాదేమో నాయనకి." అప్పట్నుంచి ఆమె లైబ్రరీ గడప తొక్కలేదు. నేను లోపలికి పోతే చెప్పుల దగ్గర నిలబడేది.

ఒక శనివారం నా బిడ్డ సారు కుర్చీలో కూర్చుని సినిమా లైబ్రేరియన్ ఆట ఆడుతోంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు నోటికి అడ్డం పెట్టి, "ఉష్, భూమి చీలతా ఉండాది, సద్దు చెయ్యొద్దు" అంది. సారు చప్పట్లు కొడుతున్నారు. అది బల్ల మీద తెరిచున్న పుస్తకం వైపు తల వంచి, ఉన్నట్టుండి ఒక్కో అక్షరం పలకసాగింది. సారు చప్పట్లు ఆపేశారు. ఇంకో పుస్తకం పెట్టారు. అదీ పలికింది. ఆయన ముఖం నేను మరిచిపోలేను.

"మొద్దూ లేదు, శాపమూ లేదు. బోర్డు మీద చూసి అక్షరాలు నేర్చుకునే ఉండాది, పాపకి దగ్గరివి కనపడడం లేదంతేనమ్మా!"

ఆ వారమే వేలూరుకు తీసుకుపోయి తనే దగ్గరుండి అద్దాలు ఇప్పించారు. ఏడాది తిరగకుండా బిడ్డ పేపరు చదివింది. మా అత్త మాత్రం, "కండ్లు చెడింది మాత్రం దేనికి?" అని పాత పాటే పాడింది. ఆయన రిటైరై, గుండె జబ్బుతో కూతురి దగ్గరికి చేరాక ఆమెకు భయం ఇంకా ముదిరింది. రోజూ దీపం పెట్టి, ఆయనను బాధపెట్టొద్దని మొక్కేది.

ఆ మంగళవారం నేనూ అత్తా బిడ్డా ముగ్గురం సత్తువాచారి పోయాం. సారు పడుకున్నట్టే ఉన్నారు. కళ్ళద్దాలు చొక్కా జేబులోనే ఉన్నాయి, పగల్లేదు. అత్త ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "అంత పాపం మోసినోడికి ఇంత సుకంగా చావు వస్తాదా? రాదు. అట్లయితే అది పాపమే కాదు మేయ్" అంది. నాకు ఏడుపూ నిమ్మళమూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు అత్త తానే లైబ్రరీకి బయలుదేరింది. చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఆ వరదలో పేర్చిన వాటిలో పైనున్న పుస్తకాన్ని సారు పారేయకుండా తెలుగు అలమరా అడుగున దాచిపెట్టారని నాకు తెలుసు. దాన్ని తీసి అత్త ముందు పెట్టాను. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. మొదటి పేజీ మీద ఎవరిదో బురద ఎండిన పాదం గుర్తు, అయిదు వేళ్ళతో సహా. నా బిడ్డ అద్దాలు సర్దుకుని, ఆ పాదం కింది అరవ వార్త చదివి చెప్పింది. "వానలు లేవంట అవ్వా. వాన కోసరం పూజలు చేసినారంట."

"వచ్చిందిలే" అంది అత్త, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత వంగి, ఆ పాదం గుర్తును వేళ్ళతో మెల్లగా తాకి, కళ్ళకద్దుకుంది.