తిరుత్తణికి మోసుకుపోయిన టైపు మిషను

ఎనభైల మొదట్లో ఒక ఐప్పసి నెల, మా వైపు వానల కాలం. పొద్దున ఆరు గంటలకు తిరువళ్ళూరు స్టేషన్లో నేనూ, మా బావా, ఒక టైపు మిషనూ నిలబడి ఉన్నాం. మిషను బావ భుజం మీద ఉంది. టికెట్ కిటికీ పక్కన నల్లబోర్డు మీద సుద్దతో రాసిపెట్టిన మాటలు వానజల్లుకు సగం కరిగిపోయాయి. మిగిలిన సగమే మాకు చాలింది. అరక్కోణం వైపు పట్టాల మీద నీళ్ళు పారుతున్నాయి, బండ్లు లేవు. బస్సులు ముందురోజు సాయంత్రమే ఆపేశారు.

మధ్యాహ్నం రెండు గంటలకు తిరుత్తణిలో నాకు టైపు హయ్యరు పరీక్ష. ఆ ఏడు మా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకు అక్కడి ఒక హైస్కూలు సెంటరుగా పడింది. మిగతా మిషన్లన్నీ మాస్టరు రెండు రోజుల ముందే లారీలో వేసుకుని పోయాడు. నేను ప్రాక్టీసు చేసిన మిషను మాత్రం రిపేరులో ఉండిపోయింది. "రైల్లో నీతోపాటే తెచ్చేయమ్మా" అని చెప్పిపోయాడు. రైలు ఉండదన్న ఆలోచన ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. అమ్మా నాన్నా ఊళ్ళో మగ్గం నేసేవాళ్ళు. నేను తిరువళ్ళూరులో అక్కా బావల దగ్గర ఉండి టైపు నేర్చుకుంటున్నాను. బావ ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పని. సన్నటి మనిషి, పెద్ద మీసం. సైకిలుతో కాని పని లోకంలో లేదని ఆయన నమ్మకం.

బావ బోర్డును కాసేపు చూసి, "ముప్పై మైళ్ళు కూడా లేదు మే. సైకిల్లో పోతే పన్నెండుకంతా తిరుత్తణిలో ఉంటాం" అన్నాడు.

"ఈ పుయల్లోనా బావా?" తుపానును మేం పుయలు అనే అంటాం.

"పుయలు మదరాసు పక్కన కదా ఉండాది. ఇక్కడికి వచ్చింది దాని తోక. తోకను చూసి భయపడతావా?"

ఇంటికి తిరిగొచ్చి సంగతి చెప్పగానే అక్క చేతిలో గరిట పట్టుకునే బయటికి వచ్చింది.

"నీకు మతి ఉండాదా అయ్యా? ఆడపిల్లను ఈ వానలో యాడికి పిలుచుకొని పోతావు? పరీచ్చ ఆరు నెలలకు మళ్ళా వస్తాది."

"అదే నా భయం," అన్నాడు బావ. "ఈ పిల్ల నిద్రలో కూడా గోడమీద ఏ ఎస్ డి ఎఫ్ అని కొడతాండాది. ఇంకో ఆరు నెలలు కొడితే గోడ కూలిపోతాది."

అక్క నా వైపు చూసింది. ఏడవడానికి సిద్ధంగా ఉన్నానని నా ముఖమే చెప్పి ఉంటుంది. అక్క లోపలికి పోయి, నిద్రపోతున్న చంటిబిడ్డ కింద నుంచి ఎర్ర రబ్బరు షీటును మెల్లిగా లాగి తెచ్చింది. దాంట్లో మిషనును నాలుగు మడతలుగా చుట్టి, నాన్న పంపిన పసుపు నూలుతో అడ్డంగా నిలువుగా బిగించి కట్టింది. మగ్గం ఇంటిపిల్ల కట్టిన కట్టు, ఊడే రకం కాదు. నా హాల్ టికెట్టు, నాలుగు తెల్ల కాగితాలు కూడా ఆ మడతల్లోనే పెట్టింది.

మిషను బావ సైకిలు క్యారియరు మీద కూర్చుంది. పక్కింటి నర్సమ్మను అడిగి ఆమె లేడీస్ సైకిలు తెచ్చుకున్నాను. బెల్లు బాగా మోగుతుందని ఆమె చెప్పింది. బ్రేకుల సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఫ్యాక్టరీలో ఇచ్చిన రెయిన్ కోటు బావ నాకిచ్చి, తాను యూరియా సంచిని మడిచి గొంగడిలాగా తలమీద వేసుకున్నాడు. ఆ కోటు నా మడమల దాకా ఉంది. మొదటి ఫర్లాంగులోనే దాని అంచు చైనులో పడింది. బావ దిగి కోటును మోకాళ్ళ దగ్గర కత్తిరిస్తానన్నాడు. కత్తెర లేక నూలుదారంతో నడుముకు ఎత్తి కట్టాడు.

గాలి కుడిపక్క నుంచి కొడుతోంది. దాన్ని తట్టుకోవడానికి నేను కుడివైపు వాలి తొక్కుతున్నాను. అది బాగానే ఉంది. అయితే గాలి మధ్యమధ్యలో ఆగేది, నేను అలాగే వాలిపోయి గుంటలో కూర్చునేదాన్ని. పాండూరు చేరేలోపు మూడుసార్లు కూర్చున్నాను. మూడోసారి బావ దిగలేదు. "బాగుండాదా అక్కడ?" అని అడిగి ముందుకు పోతూనే ఉన్నాడు.

పాండూరులో టీ తాగి, బన్ను తిని మళ్ళీ ఎక్కాం. దారి పొడుగునా బావ మాట్లాడుతూనే ఉన్నాడు. నాతో కాదు, వెనక మిషనుతో. "చలేస్తాందా? పడుకో, పడుకో. వచ్చేసినాం." గుంట వచ్చినప్పుడల్లా ముందే దానికి చెప్పి, తర్వాత నాకు చెప్పేవాడు. ఆ 'తర్వాత' లోపల నేను గుంటలో ఉండేదాన్ని.

కనకమ్మసత్రం ఇంకా కొంతదూరం ఉందనగా దారి ఆగిపోయింది. అక్కడ ఒక తరైపాలం. అంటే వంతెన కాదు, వాగు అడుగున పోసిన సిమెంటు దారి. మామూలు రోజుల్లో దానిమీద మేకలు పడుకుంటాయి. ఆ రోజు దానిమీద ఎర్రటి నీళ్ళు మోకాలికి పైగా పారుతున్నాయి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తాడు కట్టి పదిమంది దాకా మగవాళ్ళు కాపలా ఉన్నారు. వాళ్ళకు పెద్దగా ఉన్న ముసలాయన కర్ర అడ్డం పెట్టి, "పోవకూడాదు" అన్నాడు తమిళంలో. మేం తెలుగులో గొణుక్కోవడం విని ఆయన కూడా తెలుగులోకి మారాడు.

"యాడికి?"

"తిరుత్తణికి తాతా."

"తిరుత్తణి యాడికీ పోదు. రేపు పోండి."

"రొండు గంటలకు పరీచ్చ ఉండాది," అన్నాను.

"ఏం పరీచ్చ? ఈత పరీచ్చా?"

అందరూ నవ్వారు. ఆ పక్కనే తలమీద గోనె కప్పుకుని నిలబడిన ఒక ముసలమ్మ బావ సైకిలు చుట్టూ తిరిగి చూస్తోంది. ఎర్రటి చుట్ట, దానిమీద పసుపు దారాలు. ఆమె రెండు చేతులూ జోడించి, మెల్లిగా అడిగింది.

"లోపల ఏముండాది నాయనా? సామియా?"

పొద్దున్నుంచి నోరు మూయని మా బావ అప్పుడు మూశాడు. కొంచెంసేపు కళ్ళు కూడా మూశాడు. తర్వాత, "తిరుత్తణికి పోతాండాది అమ్మా" అన్నాడు.

"అరోగరా" అంది ఆమె. తిరుత్తణి కొండమీది సామికి మొక్కేవాళ్ళు వేసే కేక అది. వెనకనుంచి పదిమందీ "అరోగరా" అన్నారు. కర్ర పక్కకు పోయింది. అందరిలోకి పొడుగైన మనిషి తలమీద తుండుగుడ్డ చుట్టుకుని, మిషనును ఎత్తి తలమీద పెట్టించుకున్నాడు. "సామి మంచి బరువుగా ఉండాడే" అన్నాడు భక్తిగా. నలుగురు మా సైకిళ్ళు భుజాలకు ఎత్తుకున్నారు. నేను తాడు పట్టుకుని నీళ్ళలోకి దిగాను. కాళ్ళ కింద సిమెంటు జారుతోంది. కోటుకు కట్టిన దారం తెగి, కోటంతా నీళ్ళమీద నా చుట్టూ గంపలాగా తేలింది. నా వెనక ఒకాయన దాన్ని పట్టుకుని నన్ను అటూ ఇటూ సర్దుతూ ఆ ఒడ్డుకు చేర్చాడు. ప్రతి నాలుగడుగులకూ "అరోగరా" వినిపించింది. అందరికంటే గట్టిగా అరిచింది బావే.

నేను ఆయన దగ్గరికి పోయి గొణిగాను. "పాపం బావా ఇది."

"నేను సామి అని చెప్పినానా? తిరుత్తణికి అన్నాను. పోతాండాదా లేదా?"

ఒడ్డున మూసి ఉన్న ఒక రైసుమిల్లు వరండాలో మిషనును దించారు. ముసలాయన తుండుగుడ్డ భుజం నుంచి తీసి నడుముకు కట్టుకున్నాడు. "ఇంతదూరం మోసినాం. ఒకతూరి ముఖం చూపించి పోండి" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. "చదువుకున్నదానివి నువ్వు. నువ్వే చెప్పు" అని చెప్పి సైకిలు టైరులో గాలి చూడటానికి పోయాడు. దాంట్లో గాలి బాగానే ఉంది.

ఏం చెప్పాలో తెలియక దారాలు విప్పాను. నాలుగు మడతలు తీసేసరికి నల్లటి మిషను, గుండ్రటి కీలు బయటపడ్డాయి. లోపల ఒక్క చుక్క తడి లేదు.

పొడుగు మనిషి అన్నాడు, "దీన్నా నేను తలమీద పెట్టుకొని తెచ్చింది?"

"తప్పు మాదే అన్నా," అన్నాను. "ఇది నా పరీచ్చ మిషను. ముందే చెప్పి ఉండాల్సింది."

ముసలాయన వంగి ఒక కీ మీద వేలు పెట్టి తీసేశాడు. కోపమో కాదో తెలియలేదు.

"ఇది ఏం చేస్తాది?"

"కాయితాలు కొడతారు తాతా. ఆఫీసుల్లో. మనులు, ఆర్డర్లు."

"మను కొడతాదా?" మను అంటే అర్జీ. "ఇంగ్లీషులోనా?"

"ఇంగ్లీషే."

ఆయన వాగు వైపు చూశాడు, మిగతావాళ్ళ వైపు చూశాడు. తర్వాత వరండా గట్టుమీద కూర్చుని, "అయితే కొట్టు" అన్నాడు. "తమిళంలో మూడుతూర్లు రాసిచ్చినాం. ఎవురూ చదవలే. ఇంగ్లీషులో ఇస్తే భయపడతారు."

అప్పటికి పదకొండు కావస్తోంది. టైము లేదు. లేదని చెప్పే ముఖమూ నాకు లేదు. ఒక తెల్ల కాగితం ఎక్కించాను. బావ యూరియా సంచిని నా తలమీద పందిరిలాగా పట్టుకున్నాడు. చలికి బిగిసిపోయిన వేళ్ళు మొదటి రెండు వరుసల్లో ఎక్కడ పడుతున్నాయో నాకే తెలియలేదు, తర్వాత కుదురుకున్నాయి. వాన వస్తే రెండు ఊళ్ళకు దారి ఉండదని, బడిపిల్లలు ఆగిపోతారని, కాన్పుకు పోవాల్సిన ఆడవాళ్ళను మంచంమీద మోసుకుపోతున్నామని, ఎత్తుగా వంతెన కావాలని వాళ్ళు ఒకరి మాటమీద ఒకరు చెప్పారు. నాకు తెలిసిన ఇంగ్లీషంతా దాంట్లో పెట్టాను. పోయిన ఏడు పొడుగు మనిషి ఎద్దు ఈ నీళ్ళలోనే కొట్టుకుపోయిందట. అదీ కొట్టాను.

"మంచి ఎద్దు అని కొట్టినావా?" అని అడిగాడు ఆయన.

"ఎద్దు అని కొట్టినాను అన్నా."

"మంచి ఎద్దు."

కింద ఇంకో వరుసలో, అది చాలా మంచి ఎద్దు అని ఇంగ్లీషులో కొట్టాను. ఆయన ఆ వరుస ఏదో చూపించమని అడిగి, దాన్ని చాలాసేపు చూశాడు. వేలిముద్రలు వేయడానికి ఇంకు లేదు. బావకు ఆలోచన వచ్చింది. మిషను రిబ్బను మీద బొటనవేళ్ళు అదిమించి, తొమ్మిదిమంది చేత ముద్రలు వేయించాడు. ముసలాయన మాత్రం సంతకం చేశాడు, తెలుగులో.

వాళ్ళే మిషనును మళ్ళీ చుట్టి కట్టారు. పొడుగు మనిషి దాన్ని క్యారియరు మీద పెట్టేటప్పుడు ఎందుకో కళ్ళకద్దుకున్నాడు.

మిగిలిన దారి నాకు సరిగ్గా గుర్తులేదు. తొక్కడం, తుమ్మడం, మళ్ళీ తొక్కడం. తిరుత్తణి ఊళ్ళోకి దిగే పల్లంలో నర్సమ్మ సైకిలుకు బ్రేకులు లేవని మొదటిసారి తెలిసింది. బెల్లు మోగిస్తూ దిగాను. నిజంగానే బాగా మోగుతుంది. రెండుకు పది నిమిషాలు ఉండగా హైస్కూలు గేటులోకి పోయి, పూలతొట్టికి తగిలి ఆగాను.

నలభైమంది రాయాల్సిన హాల్లో ఏడుగురున్నారు. మా మాస్టరు నన్ను చూసి కుర్చీలోంచి లేచి, నా చేతిని కాదు, మిషనును ముందు తడిమాడు. సూపర్వైజరు నా కోటునూ, బావ యూరియా సంచినీ చూసి, "ఎక్కడి నుంచి వస్తున్నారు?" అని అడిగాడు. బావ చెప్పడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు విన్నాక ఆయన్ను బయటికి పంపించి తలుపు వేశారు.

స్పీడు పేపరు బాగానే కొట్టాను. కాగితం తీసి చూస్తే అక్కడక్కడ రెండుమూడు మాటలు పాలిపోయి ఉన్నాయి. తొమ్మిది బొటనవేళ్ళు రిబ్బను మీద ఇంకు పీల్చేసుకున్న చోట్లవి. ఫలితాలు వచ్చినప్పుడు సెకండ్ క్లాసు వచ్చింది. ఆ పాలిపోయిన అక్షరాలే ఫస్ట్ క్లాసును తినేశాయని మాస్టరు చాలారోజులు బాధపడ్డాడు. నేను పడలేదు. పాసయితే చాలని మొక్కుకున్నదాన్ని, పాసయ్యాను. ఆ సర్టిఫికెట్టుతోనే తర్వాత ఉద్యోగం వచ్చింది.

ఆ సాయంత్రం తిరుత్తణిలో మా చిన్నమ్మ ఇంటికి పోయాం. వానకు ఇంట్లో ఉతికిన బట్టలేవీ ఆరలేదు. చిన్నమ్మ పెట్టెలోంచి తన పాత చీరలు రెండు తీసిచ్చింది. ఒకటి నేను కట్టుకున్నాను. రెండోది బావ పంచెలాగా మడిచి కట్టుకుని, పూలంచు కనపడకుండా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వేడి రసం అన్నం తిన్నాక ప్రయాణం కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రాత్రికి కథలో వాగు నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. మరుసటి రోజు పక్కింటివాళ్ళు వచ్చేసరికి మెడ దాకా వచ్చాయి.

నాకు తొడలు పట్టేసి గోడ పట్టుకుని పక్కవాటుగా నడుస్తున్నాను. బావ తనకేమీ కాలేదన్నాడు గానీ, చీర కట్టుకుని కూర్చున్న చోటి నుంచి రెండు రోజులు లేవలేదు.

"ఎప్పుడు బయలుదేరతారు? మళ్ళా సైకిల్లోనేనా?" అని చిన్నమ్మ అడిగింది.

"సైకిల్లోనే పోవచ్చు. ఏమంటే ఈ పిల్లకు కాళ్ళు నొప్పి," అన్నాడు బావ.

నాలుగో రోజు రైళ్ళు నడిచాయి. సైకిళ్ళను బ్రేకువ్యానులో వేసి, మిషనును మా ఇద్దరి మధ్య సీటులో పెట్టుకున్నాం. చిన్నమ్మ స్టేషను దాకా వచ్చి, ప్లాట్‌ఫారం మీద నిలబడింది. కిటికీ పక్కన ఒక అరక్కోణం ఆయన కూర్చుని ఉంటే, బావ ఆయనకు వాగు కథ మొదలుపెట్టాడు. రైలు కదిలేదాకా చిన్నమ్మ అక్కడి నుంచి కదలలేదు. బావ నిజంగానే పోతున్నాడని చూసుకుని, అప్పుడు ఇంటికి పోయింది.