ఇప్పచెట్టు కింద మంట

నాకు పెళ్ళయిన ఏడాది. అత్తగారి ఊరు టేకులపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. మన దేశమూ, ఒక మిత్రదేశమూ కలిసి తయారుచేసిన పైలట్ లేని విమానాన్ని ఆ వేసవిలో మా అడవి మీద పరీక్షిస్తున్నారని పేపర్లో గొప్పగా రాశారు.

ఇప్పపూలు రాలే కాలమది. పువ్వు కనబడాలంటే చెట్టు కింద ఎండుటాకులు ముందే కాల్చాలి. ఆ ఉదయం అత్తమ్మ, నేను, ఇంకొందరు ఆడవాళ్లం అదే పనిలో ఉన్నాం. పైన ఏదో రొద చేస్తూ తిరిగిపోయింది. కాసేపటికే తుపాకులతో పోలీసులు చుట్టుముట్టారు.

"కదలకుర్రి! చేతులు తల మీద పెట్టి బోర్లా పండుర్రి!"

వేడి బూడిదలో ముఖం పెట్టి పడుకున్నాను. వీపుకు తుపాకీ గొట్టం తగిలింది. ఏసయ్యా, ఏసయ్యా అని బూడిదలోకే గొణిగాను.

"పువ్వు ఏరుకునేటోళ్లం సారూ!" అని అత్తమ్మ మొత్తుకుంది.

ఆ విమానం పంపిన బొమ్మల్లో మంటలు చూసి నక్సలైట్లు వంట చేసుకుంటున్నారనుకున్నారట! గంపలు తన్ని చూశాక గానీ నమ్మలేదు. జీపులో వచ్చిన విదేశీ ఇంజనీరుకు మన ఆఫీసరు ఇంగ్లీషులో సంగతి చెప్పాడు. నేను టీచర్ని కాబట్టి అర్థమైంది. ఆ ఇంజనీరుకు సిగ్గన్నదే లేదు. "విమానం మంటలన్నీ కనిపెట్టింది కదా, పరీక్ష నెగ్గినట్టే" అన్నాడు. ఇద్దరూ నవ్వుతూ చేతులు కలుపుకున్నారు. మమ్మల్ని లెమ్మనాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పటికీ టీవీలో రెండు దేశాల పెద్దలు చేతులు కలిపితే నా చేతులు తల మీదికి పోతాయి. అత్తమ్మ మాత్రం తుపుక్కున ఉమ్ముతుంది.

"ఆకు మంటేందో, అన్నం మంటేందో తెల్వదు. చేతులైతే జల్దీ కలుపుతరు!"