తుండుగుడ్డ కింద చెయ్యి

ఆదికేశవులు నోరుగల మనిషే. కానీ మద్రాసు గోవిందప్ప నాయకన్ వీధిలో ఆయన పేరు నిలబెట్టింది కుడిచేతి వేళ్లు. ఎండుమిరప మండీలో ధర పైకి చెప్పరు. తుండుగుడ్డ కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని బేరమాడతారు. పట్టిన వేళ్లను బట్టి ధర. అక్కడ ఆయన్ని లొంగదియ్యాలని ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నవాడు తోటి వ్యాపారి వరదయ్య.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఒక పొద్దున, బేరం మధ్యలో ఆదికేశవులు వేళ్లు జారిపోయాయి. ఆయనకు మాత్రం గట్టిగా పట్టుకున్నట్టే ఉంది.

"ఏమప్పా, ఇంత తగ్గినావే? నన్ను ఏమార్చేదానికా?" అన్నాడు వరదయ్య, ఇదేదో కొత్త ఎత్తు అనుకుని.

జవాబివ్వబోతే మాట రాలేదు. మూతి పక్కకు పోయింది. వరదయ్య గుడ్డ లాగి పారేసి, రిక్షాలో ఆయన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తించాడు.

డాక్టరు వాసవాంబకు విడమరిచి చెప్పాడు. "మీ ఆయన తలలో ఒక రక్తనాళం మూసుకుపోయిందమ్మా. మెదడులోని నరాల కణాలు తమకు కావలసింది ఏదీ నిల్వ దాచుకోలేవు, కాసేపు రక్తం అందకపోయినా చచ్చిపోతాయి. పోయినవి తిరిగిరావు. చుట్టూ అరకొర రక్తంతో కొట్టుకుంటున్నవి కొన్ని తేరుకోవచ్చు. పోయినవాటి పని మిగిలినవాటికి నేర్పాలి. చేతికి రోజూ పని పెట్టండి."

వాసవాంబ రబ్బరు బంతి ఇచ్చింది. చెయ్యి దాన్ని పట్టించుకోలేదు. వరదయ్యకు ఒక్క మంచిమాట చెబుదామన్నా నోరు లేదు, దండం పెడదామన్నా చెయ్యి లేదు. ఆదికేశవులుకు అదే ఏడుపు.

వరదయ్య రోజూ సాయంత్రం అంగడి మూసి నేరుగా ఆసుపత్రికి వచ్చేవాడు. ఆ చచ్చుచేతి మీద గుడ్డ కప్పి, "గుంటూరు సరుకప్పా, ధర చెప్పు" అనేవాడు.

"ఈడ కూడా బేరమేనా అన్నా?" అని వాసవాంబ విసుక్కునేది.

"నాకు ఇంకెవురితో ఆడినా రుచి లేదమ్మా."

వారాలు గడిచాయి. ఒకనాడు వరదయ్య కావాలనే నాసిరకానికి కూడా ఎవరూ అడగనంత తక్కువ ధర పెట్టాడు. ఆదికేశవులుకు ఒళ్లు మండింది. చూపుడువేలు కదిలి ఆ ధరను తోసేసింది.

"తోసినాడమ్మా! వద్దని తోసినాడు!" వరదయ్య వార్డంతా వినబడేలా అరిచాడు.

వానలు వెనకబట్టాక ఆదికేశవులు మండీకి వచ్చాడు. మాట ఇంకా ముక్కలు ముక్కలే. మొదటి బేరం వరదయ్యతోనే. గుడ్డ కింద చాలాసేపు తోపులాట జరిగింది, చివరికి ధర కుదిరింది. కుదిరితే చెయ్యి వదలడం రివాజు. ఆదికేశవులు వదల్లేదు. ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాడు.

"వదులప్పా, కుదిరింది గదా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్లు నిండిపోయాయి.

"సరేలే, ఉండనీ" అన్నాడు వరదయ్య. గుడ్డ తియ్యకుండా అలాగే కూర్చున్నాడు.